నీ ఫ్లెక్సీ మీద సేటు మొఖం

రాజన్నా,

నేను, నీ పక్క సిస్టం శీనును. ఇప్పుడు నీ కుర్చీల నేనే కూసుంటున్న.

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. అమీర్‌పేట్ చౌరస్తాల, మన ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపు ముందట నీ శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టినం. డిజైన్ నాదే. నీ వాట్సాప్ డీపీ తీసి ఆరడుగులకు సాగదీస్తే, నీ కండ్లు గడులు గడులుగ పగిలినయి.

గిట్లాంటి ఫోటోలు తెచ్చినోళ్ళను నువ్వు వెనక్కి పంపెటోనివి. "చిన్న ఫోటోను సాగదీస్తే మనిషి కనబడడు, గడులు కనబడుతయి. ఇంటికి పోయి అసలు ఫోటో తెండి, స్కాన్ చేస్త" అనెటోనివి. గిరాకీ చెడగొడుతున్నవని గందుకే గదా సేటు నిన్ను పనిల నుంచి తీసేసింది.

నిన్న గదే సేటు నా వెనుక నిలబడ్డడు.

"వదినె పంజాగుట్టలనే ఉన్నది సేటు. జర ఆగున్రి, పెండ్లి ఫోటో తెస్త" అన్న.

"దూరం నుంచి ఎవడు చూస్తడు? ప్రింట్ కొట్టెయ్" అన్నడు.

తన ఫోటో మాత్రం కొత్తగ స్టూడియోల దిగి తెచ్చిండు. నీకన్నా పెద్దగ పెట్టించుకున్నడు. మీసంల ఒక్కో వెంట్రుక కనబడుతున్నది. కింద "మా ఇంటి మనిషికి కన్నీటి నివాళి" అని రాయించిండు.

నువ్వైతే మౌస్ ఇడిచిపెట్టి లేచి నిలబడెటోనివి. నేను ప్రింట్ నొక్కిన.

నిన్ను తీసేసిననాడు సుత నేను గిట్లనే, తల తిప్పకుంట స్క్రీన్ దిక్కే చూసుకుంట కూసున్న.