కారు కాగితాల మూట విప్పింది నేనే

సూళ్లూరుపేట,
బుధవారం.

మా సుగుణక్కకు, నీ చెల్లెలు రేవతి నమస్కారం చేసి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మా ఆయనా ఒంటికి బాగానే ఉన్నాము. అక్కడ నువ్వూ, బావా, నీ తోడికోడలు లక్ష్మక్కా, పిల్లలూ బాగున్నారని అనుకుంటున్నాను. మీ అత్తమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాస్తున్నారా, అలమరలో దాచిపెట్టారా?

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరం ఏమిటా అని నువ్వు అనుకుంటావు. ఇది తెచ్చిన మునెమ్మ నా కారులో రోజూ ఫ్యాక్టరీకి వచ్చే మనిషి. స్వామి దర్శనానికి కాణిపాకం వస్తుంటే ఆమె చేతికి ఇచ్చాను. దీన్ని అంగట్లో టెంకాయలు అమ్ముకుంటూ చదవద్దు. ఇంటికి తీసుకుపోయి చదువు. చివరిదాకా చదివాకే నన్ను తిట్టు.

అక్కా, నీ దేవుడి గదిలోంచి నా కారు కాగితాలు తీసింది నేనే. లక్ష్మక్క కాదు. ఎల్లుండి శుక్రవారం ఆమెను స్వామి ముందు నిలబెట్టి ప్రమాణం చేయించవద్దు. ఈ ఒక్క మాట నీకు అందాలనే ఇదంతా రాస్తున్నాను. ఇది చెప్పడానికి నాకు ఐదు రోజులు పట్టింది, అందుకు సిగ్గుపడుతున్నాను.

అసలు ఎలా జరిగిందో మొదటినుంచి చెప్తాను. ఇక్కడికి వచ్చి ఎనిమిది నెలలైనా ఈ ఊరి గాలి నాకు పడలేదు. ఎంత ఆరవేసినా బట్టలు తేమగానే ఉంటాయి. రాకెట్టు వదిలిన రోజు కిటికీలు గడగడలాడితే పక్కింటివాళ్లు మేడెక్కి చూస్తారు, నేను మాత్రం పొయ్యి మీది గిన్నె పట్టుకుంటాను. మా ఆయన నైటు డ్యూటీకి పోతే మాట్లాడే దిక్కు ఉండదు. ఆ కారు వచ్చాకే నాకు మనుషులు దొరికారు. తెల్లవారుజామున ఆరుగురు ఆడవాళ్లను ఎక్కించుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపుతాను, రెండు గంటలకు మళ్లీ తీసుకొస్తాను. దారి పొడవునా వాళ్ల అత్తల మీద కంప్లైంట్లే. నవ్వీ నవ్వీ కడుపు నొప్పి వస్తుంది. ఆ కారంటే నాకు అంత ప్రాణం.

తిరుపతిలో ఆ పాత కార్ల షోరూముకు పోతున్నానంటే, బావను వెంట తీసుకుపొమ్మని నువ్వు చెప్పావు. కారు నడిపేదాన్ని నేను, కొనడం రాదా అని నేను ఎగిరాను. ఆ రోజు బుధవారం. పదికే పోయినా వాళ్లు కాగితాలు ప్రింటు తీసేసరికి పదకొండున్నర దాటింది. అప్పుడే నీ ఫోను.

"ఇంకా సంతకాలు కాలేదా మే? పన్నెండు కొడితే రాహుకాలం. అంతలోపల పెట్టేసి రా!"

"చదువుకుని పెడతా అక్కా, కట్ట లావుగా ఉండాది."

"చదివేది ఇంటికొచ్చినాక చదువుకో. మంచిగడియ పోతే మళ్లీ వస్తాదా?"

తప్పు నీ మీదికి తోయడం లేదు. నువ్వు చెప్పకపోయినా నేనూ గడియారమే చూస్తున్నాను. అక్కడి మనిషి వేలు పెట్టి చూపించినచోటల్లా సంతకం పెట్టుకుంటూ పోయాను. పన్నెండుకు ఐదు నిమిషాలుండగా తాళం చేతికి వచ్చింది. ఎంత మొనగత్తెనో అనుకున్నాను!

మరునాడు కాణిపాకంలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కాగితాలన్నీ నువ్వే పసుపు గుడ్డలో మూట కట్టావు. నలభై ఎనిమిది రోజులు, ఒక మండలం పూర్తయ్యేదాకా దేవుడి పటం ముందునుంచి కదిలించకూడదన్నావు. ఆడది బండి నడుపుతోందని నీకు లోపల ఎంత భయమో నాకు తెలుసు. ఆ మూట నీ ధైర్యం అని కూడా తెలుసు.

పోయిన వారం మంగళవారం ఫోనుకు, కారు లోనుకు నెలనెలా ఎంత కంతు కట్టాలో మెసేజీ వచ్చింది. షోరూములో చెప్పినదానికంటే ఎక్కువ. అడిగితే, "ఎక్స్‌టెండెడ్ వారంటీ తీసుకున్నారు కదా మేడం, అది కూడా లోనులో కలిసింది" అన్నారు. ఆ మాట నేను అక్కడ ఒక్కసారి కూడా వినలేదు. వాళ్లు ఫోనుకు పంపిన వారంటీ కాగితం ఇక్కడి మెకానిక్‌కు చూపిస్తే, అందులోని షరతులు చదివి ఆయన తల పట్టుకున్నాడు.

"అమ్మా, బాడుగకు తిప్పే బండికి ఈ వారంటీ చెల్లదని ఈడనే రాసినారు. నీది పసుపు బోర్డు బండి. ఇంజను పోయినా గేరుబాక్సు పోయినా వాళ్లు చెయ్యి పెట్టరు."

అంటే రెండేళ్లపాటు ఎందుకూ పనికిరాని కాగితానికి నేను కంతు కట్టాలి. రద్దు చేసుకోవచ్చు. కానీ కొన్న ముప్పై రోజుల్లోపు అసలు సర్టిఫికెట్టూ రసీదూ తీసుకుని మనిషే పోవాలి. శుక్రవారంతో గడువు సరి. అసలు కాగితాలేమో నీ మూటలో ఉన్నాయి.

గురువారం నీకు ఫోను చేశాను, గుర్తుందా? కాగితాలతో అవసరం పడితే ఎట్ల అని నసిగాను.

"మండలం నిండేదాకా ఆ మూట విప్పేదే లేదు. బండి తోలేది నువ్వు. నీకేమన్నా అయితే నేను బతికుండేదా?" అన్నావు.

అప్పుడే వారంటీ సంగతి చెప్పేయాల్సింది. బావను వద్దని పోయి మోసపోయి వచ్చానని నీ దగ్గర ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఆ గర్వమే ఇంత చేసింది.

శుక్రవారం ఆడవాళ్లను గేటు దగ్గర దింపి అటునుంచి అటే మీ ఇంటికి వచ్చాను. నువ్వు అంగట్లో ఉన్నావు. అత్తమ్మ నిద్రపోతోంది. లక్ష్మక్క పెరట్లో బట్టలు పిండుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ వచ్చి మజ్జిగ ఇచ్చింది. గబగబా సంగతి చెప్పాను.

"మీ అక్కకు ఒక్క మాట చెప్పి తీసుకుపో రేవతీ. దేవుడి ముందర పెట్టింది."

"చెప్తే ఇయ్యదక్కా. నాలుగు దినాల్లో నేనే తెచ్చి పెడతా. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పొద్దు."

చెప్పనని ఆమె చేత చేతిలో చెయ్యి వేయించుకున్నాను. ఆమెకు ఇష్టం లేదు, నా ముఖం చూసి వేసింది. కాగితాలు తీసి, మూట పలచగా కనిపించకూడదని పాత పేపరు మడిచి పెట్టి మళ్లీ కట్టాను. శుక్రవారం పదకొండు గంటలు, నడి రాహుకాలం. ఇక తిట్టుకో.

షోరూము చేరేసరికి ఒంటిగంట. సంతకాలు పెట్టించుకున్న మనిషే కౌంటరులో ఉన్నాడు. రద్దు అనగానే అతని ముఖం మారిపోయింది.

"సంతకం మీదే కదా మేడం? అన్నీ చెప్పే పెట్టించినాను."

"పసుపు బోర్డు బండికి చెల్లని వారంటీ అని చెప్పినావా?"

"మేనేజరు కొండకు పోయినారు. సోమవారం రండి."

సోమవారానికి గడువు దాటిపోతుందని అతనికీ తెలుసు. "కొండ దిగేదాకా ఈడనే కూర్చుంటా. ఈ అర్జీ ఇయ్యాల నీకు ముట్టినట్టు తారీఖు వేసి ముద్ర కొట్టియ్యి" అన్నాను. అతను లోపలికి పోయాడు. మధ్యాహ్నం రెండైంది, అవతల నా ఆడవాళ్లు గేటు బయట ఎండలో నిలబడి ఉంటారు. మునెమ్మకు ఫోను చేస్తే, షేరు ఆటోలో పోతాం, నువ్వు లేవొద్దు అంది. పొద్దున్నుంచి కడుపులో పడింది ఆ మజ్జిగ ఒక్కటే. నాలుగైంది. ఎవరూ నా వైపు చూడలేదు.

ఐదు దాటాక కొత్తగా పెళ్లైన జంట ఒకటి కారు కొనడానికి వచ్చింది. అతను మళ్లీ అదే కట్ట పట్టుకుని, అదే వేలు పెట్టి చూపిస్తున్నాడు. నాకు ఆగలేదు.

"అమ్మాయీ, ఒక్కో కాగితం చదివి పెట్టు. నేను చదవకుండా పెట్టినా, అందుకే పొద్దు గూకేదాకా ఈ కుర్చీలో కూర్చోనుండాను" అని గట్టిగా అన్నాను.

ఆ పిల్ల పెన్ను కింద పెట్టింది. మరో పది నిమిషాల్లో నా అర్జీ మీద ముద్ర పడింది. వారంటీ సర్టిఫికెట్టు వాళ్లే ఉంచుకున్నారు. రద్దైందనీ, కంతు మొదట చెప్పినంతేననీ నిన్న మెసేజీ వచ్చింది.

ఆ రాత్రే మిగతా కాగితాలు తెచ్చి మూటలో పెట్టేసి ఉంటే బాగుండేది. పొద్దున డ్యూటీ ఉందని ఇటే వచ్చేశాను. శనివారం నీ ఫోను వచ్చినప్పుడు నేను స్టీరింగు మీద ఉన్నాను.

"శుక్రవారం కుంకుమ పెట్టబోతే ముడి నాది కాదు మే. దినామూ నూరు పొట్లాలు కట్టేదాన్ని, నా ముడి నాకు తెలీదా? విప్పితే పాత పేపరు! ఎంత తెలివో సూడు. ఇంట్లో అత్తమ్మ కాకుండా ఉండింది లక్ష్మి ఒక్కతే. వచ్చే శుక్రవారం తలకు పోసుకుని స్వామి ముందర చెప్పమన్నాను, తీయలేదనీ, ఎవరు తీసినారో తెలీదనీ."

నేను "అట్లనా" అన్నాను. అంతే అన్నాను అక్కా. వెనక ఆరుగురు ఉన్నారని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. ఇల్లు చేరాక కూడా ఫోను తీసి మళ్లీ పెట్టేశాను.

సోమవారం లక్ష్మక్కకు చేశాను. ఒక్క మాట కూడా కోప్పడలేదు.

"తీయలేదని చెప్పేస్తా రేవతీ, అది నిజమే. ఎవరు తీసినారో తెలీదని చెప్పమంటాంది మీ అక్క. ఆడికొచ్చేసరికి నాకు నోరు రాదు. ఆ స్వామి ముందర అబద్ధం ఎట్ల ఆడేది? నోరు రాకపోతే దొంగ నేనే అనుకుంటారు. అనుకోనీలే. నీకు మాట ఇచ్చినా కదా."

ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. మీ ఇంట్లో ఆమె వండిన అన్నం మీరంతా తింటూ ఆమెను దొంగలా చూస్తున్నారు, ఆమె నా కోసం ఓర్చుకుంటోంది. ఆమెకు నేను ఎవరిని? నీ చెల్లెల్ని, అంతే కదా. ఆమె నాకిచ్చిన మాట నుంచి ఆమెను నేనే విడిపిస్తున్నాను. ఇక ఆమెకు ఏ కట్టుబాటూ లేదు.

ఫోనులో చెబితే, లక్ష్మిని కాపాడడానికి కల్లలాడుతున్నావని నువ్వు అంటావు. అందుకే రాసి సంతకం పెట్టి ఇస్తున్నాను. రద్దైన సర్టిఫికెట్టు తప్ప మిగతా కాగితాలన్నీ మునెమ్మ చేతిలో ఉన్నాయి. మండలం మళ్లీ మొదలుపెడతావో, చాలు అంటావో నీ ఇష్టం. శుక్రవారం పొద్దున నేను వస్తున్నాను. నా మాట నమ్మకపోతే తలకు పోసుకుని తడిబట్టలతో స్వామి ముందు నిలబడతాను, నాకు నోరు వస్తుంది.

మామూలుగా అయితే మునెమ్మ తిరిగి వచ్చేటప్పుడు కొంచెం రాగిపిండీ బెల్లమూ పంపమని రాసేదాన్ని. ఈసారి అడగడానికి మొహం లేదు.

బావకూ అత్తమ్మకూ నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ కోపం తీరాకే నన్ను దీవించు, తొందరేమీ లేదు. ముందు లక్ష్మక్కను పక్కన కూర్చోబెట్టుకుని ఈ ఉత్తరం మొదటినుంచి పైకి చదువు, అత్తమ్మకు కూడా వినబడేటట్టు.

నేను దీన్ని రెండుసార్లు చదువుకుని, ఆ తర్వాతే కింద సంతకం పెడుతున్నాను.

నీ చెల్లెలు,
రేవతి