తడి బూట్లు

జూన్ 3, సోమవారం

ఈ రోజు పదకొండు స్లైడ్లు. తొమ్మిదింటిలో ఫంగస్. చర్మం గీకి, గాజు మీద వేసి, మందు చుక్క పోస్తే పది నిమిషాల్లో పొట్టు కరిగి, ఫంగస్ దారాలు దారాలుగా బయటపడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఈ క్లినిక్ ల్యాబులో ఇదే నా ఉద్యోగం. పాజిటివ్ అని రాసి పంపేస్తాను. మిగతాది డాక్టరుగారు చూసుకుంటారు.

ఆ పొడుగావిడ నాలుగోసారి వచ్చింది. కాలివేళ్ళ సందులు తెల్లగా నాని, చీలిపోయి ఉన్నాయి. మందు మధ్యలో మానేసి ఉంటావని డాక్టరుగారు కసురుకున్నారు. ఆమె సంచిలోంచి ఖాళీ మందు ట్యూబులు తీసి బల్ల మీద పెట్టింది. ఆయన చూడలేదు. నేను చూశాను. చివరిదాకా మడిచి పిండినవి.

జూన్ 6, గురువారం

స్లైడు తయారయ్యే ఆ పది నిమిషాలూ పేషెంట్లు నా ఎదురుగా ఊరికే కూర్చుంటారు. ఈ రోజు నోరు విప్పి, ఏం పని చేస్తారని ఒక్కొక్కరినీ అడిగాను. మా రిజిస్టరులో వయసుకి గడి ఉంది, పనికి లేదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాసుకున్నాను.

జూన్ 12, బుధవారం

ఈ వారం రోజుల్లో కాలివేళ్ళ కేసులు పంతొమ్మిది. అందులో పద్నాలుగు మంది ఒకే ఫ్యాక్టరీలో చేపలు ప్యాక్ చేసే ఆడవాళ్ళు. రెండుసార్లు లెక్కపెట్టాను.

పొడుగావిడని కదిపితే చెప్పింది. షిఫ్టంతా నీళ్ళలోనే నిలబడాలట. గమ్ బూట్లు ఫ్యాక్టరీవే. ఒక షిఫ్టువాళ్ళు విప్పితే ఇంకో షిఫ్టువాళ్ళు వేసుకుంటారు, ఎవరి కాలికి ఏది పడితే అది. అవి ఆరగా తనెప్పుడూ చూడలేదట. వచ్చే నెలాఖరుకి కాళ్ళు బాగుపడకపోతే పనిలోంచి తీసేస్తానన్నాడట మేనేజరు. శుభ్రత లేని మనిషివని అందరి ముందూ అన్నాడట.

జూన్ 13

డాక్టరుగారికి చెప్పాను. కాకతాళీయం అన్నారు. నా పని స్లైడ్లు చూడటమని గుర్తు చేశారు.

ఇంటికొచ్చి గిన్నెలు విసురుగా పడేస్తుంటే మా ఆయన, కోపం వాటి మీద చూపిస్తే ఏం లాభం, రుజువేదైనా ఉంటే అది చూపించు అన్నాడు. అప్పుడప్పుడు ఈ మనిషి బుర్ర భలే పనిచేస్తుంది.

జూన్ 14, శుక్రవారం

పొడుగావిడ కాలి నమూనా తీసి, ఫంగస్‌ని పెంచి చూడటానికి కల్చర్ ప్లేటులో వేశాను. ఎనిమిది దూది పుల్లలు ఇచ్చి, ఎనిమిది బూట్ల లోపల రుద్ది తెమ్మన్నాను. పట్టుబడితే ఉద్యోగం ఈ రోజే పోతుందని కూడా చెప్పాను.

“ఎలాగూ పోయేలానే ఉంది మేడమ్. ఈ నింద మోసుకుని మాత్రం పోను.”

జూన్ 15

తెచ్చింది. ఎనిమిదీ. ప్లేట్లలో వేశాను. అవి పెరగడానికి ఇక మూడు వారాలు.

జూన్ 24

ఏమీ లేదు.

జూలై 6, శనివారం

ఏడు! ఎనిమిదింటిలో ఏడు ప్లేట్లలో తెల్లటి దూదిలాంటి గుబుర్లు. ఆమె వేళ్ళ సందుల్లో ఉన్నదీ అదే ఫంగస్. మైక్రోస్కోపు మీద నుంచి తలెత్తడానికి డాక్టరుగారికి చాలాసేపు పట్టింది.

“ఆవిణ్ణి నాలుగుసార్లు తిట్టానమ్మా,” అన్నారు.

జూలై 8, సోమవారం

డాక్టరుగారూ నేనూ ఫ్యాక్టరీకి వెళ్ళాం. మేనేజరు అప్పుడే ప్యాకింగ్ హాలు నుంచి వచ్చాడు. ఈ ఆడవాళ్ళందరూ ఇళ్ళ నుంచే అంటించుకొస్తున్నారని మొదలుపెట్టాడు. టేపు వేసి మూసిన ప్లేట్లు ఏడూ ఆయన బల్ల మీద వరసగా పేర్చాను. ఇవన్నీ మీ బూట్ల లోపలివే అన్నాను. ఆయన కుర్చీ వెనక్కి జరిగింది. కాళ్ళు కనిపించాయి. గమ్ బూట్లు.

“అవి ఎక్కణ్ణుంచి తీసుకున్నారు సార్?” అని అడిగాను.

కిందికి చూసుకున్నాడు. ఒక మనిషి అంత వేగంగా బూట్లు విప్పడం నా జన్మలో చూడలేదు.

జూలై 22, సోమవారం

ఫ్యాక్టరీలో ఇప్పుడు మనిషికి రెండు జతల సొంత బూట్లు, నంబర్లు వేసి. ఆరబెట్టడానికి గూళ్ళు, ఫ్యాన్లు. పద్నాలుగు మందికీ ఒకేసారి మందు. బూట్ల గది తాళాలు పొడుగావిడకి ఇచ్చారట. ఆమె వాటిని బొడ్డులో దోపుకుని, మేనేజరుని కూడా నంబరు చెబితే గాని లోపలికి రానివ్వడం లేదట. డాక్టరుగారు ఆమెకి క్షమాపణ చెప్పారు. నా ముందే. నిలబడి.

సెప్టెంబర్ 17, మంగళవారం

పద్నాలుగో ఆవిడ స్లైడు కూడా నెగెటివ్. ఇంటిదాకా నడిచే వచ్చాను. బస్సులో కూర్చోబుద్ధి కాలేదు.

అక్టోబర్ 4

మధ్యాహ్నందాకా ఒక్క స్లైడూ రాలేదు. తోచక నా మడమే గీకి చూసుకున్నాను. ఏమీ లేదు. ఖాళీ స్లైడు చాలా అందంగా ఉంది.