మూడు గంటల ఫోను

దుమ్ముగూడెం,
బుధవారం.

చిరంజీవి భార్గవికి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, ఖమ్మంలో మీ నాన్నగారు ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ బాగున్నావని ఆదివారం ఫోనులో విన్నాను. వెనక పదిమంది వరసలో నిలబడి ఉంటే అంతకంటే ఏం చెబుతావులే. నీ పోలీసు ట్రైనింగు అయ్యేదాకా మనకు ఉత్తరమే మేలు.

నువ్వు కిందటి ఉత్తరంలో నాలుగు సంగతులు అడిగావు. వరసగా జవాబు రాస్తాను. మోకాలు ఫరవాలేదు, మెట్లు దిగేటప్పుడే నొప్పి. నాన్నగారు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు వదిలి ఆదివారం ఒక్కరోజే వస్తున్నారు. వచ్చినా సగం రోజు నిద్రే.

మూడోది, "ఆ హ్యాకర్ సినిమాలు నీకెందుకమ్మా?" అని. నువ్వు సైబర్ క్రైమ్ విభాగానికే వెళ్తానన్నావు కదా, రేపు నువ్వు చేసే పనేమిటో తెలుసుకుందామని మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు చూశాను. నోటు పుస్తకంలో ఒక్కో సినిమాకు ఒక్కో పేజీ: దొంగ ఎవరు, ఎలా దూరాడు, ఎక్కడ దొరికాడు. ప్రతి దొంగా టోపీ ఉన్న నల్ల చొక్కా తొడుక్కుని చీకటి గదిలోనే కూర్చుంటాడు. బ్యాంకులు కొల్లగొట్టేవాడికి ఒక బల్బు వెలిగించుకోవడానికి ఏమొచ్చిందో! తెర మీద అంకెలు జలజలా రాలతాయి, ఇరవై సెకన్లలో ఖజానా ఖాళీ.

నువ్వు వెళ్లినప్పటి నుంచి మధ్యాహ్నాలు భీమక్క గూడెం నుంచి అడ్డాకులు తెచ్చుకుని మన వసారాలోనే విస్తళ్లు కుడుతోంది. కిటికీలోంచి తనూ చూస్తుంది.

"ఏందక్కా, గంత జల్దీ తాళం తీసిండు?" అంది ఒకరోజు.

"కంప్యూటరుతో, భీమక్కా."

"మా గూడెంల సిగ్నల్ రావాల్నంటే చెట్టెక్కాలె. వీడు గాని మా దిక్కొస్తే కొమ్మ మీదనే ముసలోడైతడు."

ఇద్దరం పడీపడీ నవ్వాం.

ఇక నాలుగోది. "మోసపు ఫోన్లు ఏమైనా వస్తున్నాయా?" అని గత రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. రాలేదని రాశాను. అది అబద్ధం.

కిందటి నెల ఒక ఆడపిల్ల ఫోన్ చేసింది. పేరు శ్యామల అంది. బ్యాంకు కార్డు ఆగిపోతుంది, ఫోనుకు వచ్చే ఆరంకెలు చెప్పమంది. దొంగ అని అప్పుడే తెలిసిపోయింది. సినిమాల్లో పోలీసులు దొంగను మాటల్లో పెట్టి ఆచూకీ లాగుతారు కదా, నేనూ అలాగే చేసి నీ మొదటి కేసు సిద్ధం చేసి పెడదామనుకున్నాను. నంబరు, వేళ, వెనక వినిపించే చప్పుళ్లు అన్నీ రాసుకున్నాను. కళ్లజోడు దొరకలేదని, అంకె తప్పు చదివానని సాగదీశాను. మర్నాడు మూడింటికి మళ్లీ చేసింది. ఆ మర్నాడూ చేసింది.

ఆరో రోజు తనే అడిగింది. "అమ్మా, నీకు మొదట్నుంచే ఎరుక గద?"

"తెలుసు."

"మరెందుకు ఎత్తుతున్నవ్?"

"నువ్వెందుకు చేస్తున్నావు?"

"రోజుకు గిన్ని నిమిషాలు మాట్లాడాల్నని మాకు లెక్క. నీతోనైతే తిట్లు తినకుండ నిండుతది." ఆ వెంటనే, "తిన్నవా?" అంది.

ఈ ఇంట్లో వండేదీ నేనే, తినేదీ నేనే. తిన్నావా అని అడిగే పని ఎవరికుంది? ఆ రోజు నుంచి చప్పుళ్లు రాయడం మానేశాను. కూరేం వండానో, నీ బూట్లు ఎక్కడ కరుస్తున్నాయో చెప్పేదాన్ని. నాతో మాట్లాడినంతసేపూ ఇంకొకరిని మోసం చేయదు కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మూడు కాకముందే పనులన్నీ ముగించి ఫోను ముందు కూర్చునేదాన్ని.

ఒకరోజు పొద్దుటి నుంచి కరెంటు లేక నా ఫోను ఆగిపోయింది. ఒక్కరోజు మాట్లాడకపోతే ఏమయ్యేది? నేను మాత్రం భీమక్క ఫోను అడిగి తీసుకుని పెరట్లోకి వెళ్లి, పుస్తకంలో రాసుకున్న నంబరుకు నేనే చేశాను. "ఇదెవరి నంబరమ్మా?" అంటే భీమక్కదని చెప్పాను. ఇంటి మనిషిలాంటిదని, బీడీలకు కోసిన తునికాకు మీద సర్కారిచ్చే బోనస్ పన్నెండు వేలు నిన్ననే ఖాతాలో పడ్డాయని, ఇంటికి రేకులు వేయించుకుంటుందని, నా సంతోషంలా చెప్పాను.

శనివారం భీమక్క ఏడుస్తూ వచ్చింది. దారిలో సిగ్నల్ అందగానే ఎవరో ఆడమనిషి ఫోన్ చేసి, పేరు పెట్టి పిలిచి, తునికాకు పైసలు ఇంకో మూడు వేలు ఆగిపోయాయి, వచ్చిన అంకెలు చెప్పమందట. చెప్పిందట. ఖాతాలో డెబ్బై రూపాయలు మిగిలాయి. ఆ నంబరు చూశాను. నా పుస్తకంలో ఉన్నదే.

వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేసి, భీమక్కను స్టేషనుకు తీసుకెళ్లాను. అక్కడ తనది ఒకటే మాట. "నా పేరు, నా ఆకు పైసల సంగతి ఆమెకెట్ల తెల్సింది సార్?" ఎస్సై గారు 'ఎలా తెలిసిందో ఫిర్యాదుదారుకు తెలియదు' అని రాసుకున్నారు. భీమక్క వేలిముద్ర వేసింది. పక్క కుర్చీలో ఉండి నేను నోరు విప్పలేదు.

సోమవారం మూడింటికి ఫోను మోగింది. భీమక్క డబ్బు నువ్వే తీశావా అని అడిగాను.

"ఏ భీమక్క అమ్మా? రోజుకు ఎనభై మందితోని మాట్లాడుతం," అంది. తర్వాత ఎప్పటిలాగే, "తిన్నవా?" అంది.

పెట్టేశాను.

ఓటీపీ చెప్పకూడదని మొదటి పేజీలోనే గీత గీసి మరీ రాసుకున్నాను, భార్గవీ. కబుర్లు చెప్పకూడదని ఆ పదకొండు సినిమాల్లో ఒక్కటీ చెప్పలేదు. ఏ కంప్యూటరూ అక్కర్లేకుండా భీమక్క తాళం నేనే తీసి ఇచ్చాను.

పన్నెండు వేలు నా దగ్గర ఉన్నాయి. నిన్న కవరులో పెట్టి, మళ్లీ తీసేశాను. ముందు డబ్బు చేతిలో పెడితే, మా అక్క ఎంత మంచిదో అని గూడెమంతా చెప్పుకుంటుంది. పేరెట్ల తెల్సిందన్న మాట భీమక్క ఇక ఎవరినీ అడగదు. అందుకని రేపు గూడేనికి వెళ్లి మొదట నిజం చెబుతాను, ఆ తర్వాతే డబ్బు. అట్నుంచి తను వస్తే ఇద్దరం, రాకపోతే నేనొక్కదాన్నే స్టేషనుకు వెళ్లి, 'తెలియదు' అని రాసిన ఆ వాక్యం దగ్గర నా పేరు రాయిస్తాను. పుస్తకం కూడా అక్కడే ఇచ్చేస్తాను. నీ కోసం దాచింది నీకు అందదు.

పోలీసు కాబోయే కూతురికి తల్లి రాయాల్సిన ఉత్తరం కాదిది. కానీ ఈ సంగతి నీకు ఇంకొకరి నోట తెలియకూడదు. రేపు భీమక్క నన్ను లోపలికి రానిస్తే కూర్చుని చెబుతాను. రానివ్వకపోతే బయట నిలబడే చెబుతాను.

ఇట్లు,
నీ అమ్మ,
సుబ్బరత్నం