టెంటు కింద సర్వర్

20-9-2011, మంగళ
తెలంగాణ కోసం సమ్మె, ఎనిమిదో రోజు. కాలేజీకి తాళం. కొత్త కంప్యూటర్ మా ముందు గదిలో, డబ్బాలోనే... దాన్ని సర్వర్ చేయాలి. పాఠాలన్నీ అందులో ఉంటే, సమ్మె అయ్యాక ల్యాబ్‌లో ఏ మిషన్ ముందు కూర్చున్నా పిల్లలు చదువుకోవచ్చు. పోయిన క్లాసులు కొంతైనా అందుతాయి. అమ్మిన కంపెనీ మనిషి మా మానుకోటకు రాలేడు, బస్సుల్లేవు. ఫోన్‌లో నవ్వు. "మీ వల్ల అవ్వదండీ మేడం. మేమొచ్చేదాకా ఆగండి."
"అక్కర్లేదు, మేమే పెట్టుకుంటం" అనేశాను. సమ్మె టెంటులో అందరూ విన్నారు. చప్పట్లు కూడా.
పదేళ్లుగా జావా ప్రోగ్రామింగ్ చెబుతున్నాను — బోర్డు మీద. సర్వర్ ఒక్కసారీ ఎక్కించి ఎరగను. ఎందుకన్నానో!

21, బుధ
డబ్బా విప్పి సర్వర్ ప్రోగ్రాం ఎక్కించాను. నల్ల విండో తెరుచుకుంటుంది, రెప్పపాటులో మాయం. మళ్లీ. మళ్లీ. అప్పుడు తట్టింది... అది నడవాలంటే ముందు జావా ఉండాలి. ఏటా పరీక్షలో నేనే అడిగే ప్రశ్న! సిగ్గు, నవ్వు, రెండూ. జావా సీడీ పెట్టాను. సగంలో కరెంటు పోయింది.

22, గురు
కరెంటు లేదు.

23, శుక్ర
లెక్కల సారు రాములన్నే టెంటుకు పెద్ద. "మైకుకు జనరేటరున్నది గదా చెల్లె. మిషన్ గీడికే తే."
సమ్మెలో ఉండి కాలేజీ పని చేయొచ్చా? అడిగాను.
"బంద్ వెట్టింది నౌకరి. నేర్చుకునుడు గాదు."
అది సమాధానమేనా? ఏమో. ఆటో ఎక్కాను. ఒళ్లో మానిటర్, కురవి రోడ్డు గుంతలు.

24, శని
నిరసనగా రోడ్డు మీదే వంటావార్పు. టెంటులో నేను, మిషన్. జావా ఎక్కింది. అది ఏ ఫోల్డర్‌లో ఉందో సర్వర్‌కు చెప్పే దారీ రాశాను. అయినా విండో మాయం. కామర్స్ పద్మ — "మేడమ్, సర్వర్ ముందొస్తదా, తెలంగాణ ముందొస్తదా?" అందరూ నవ్వారు. నాకు రాలేదు. ఇది చేతకాకపోతే, 'మమ్ముల మేమే నడుపుకుంటం' అని మైకులో ఏ మొహంతో అనాలి?
కేసముద్రం నుంచి బియ్యం ట్రాక్టరు వస్తోంది. అటెండర్ యాదమ్మ పప్పు గరిటె పట్టుకునే ఫోన్‌లో డ్రైవర్‌కు దారి చెబుతోంది. రాములన్న పక్కనుంచి — "టెంటెనుక, డ్రమ్ము పక్క, మూడో పొయ్యికాడికి అని చెప్పు..."
"జర ఊకో సారూ! టెంటు దాంక జెప్తె సాలు. పొయ్యి ఏడున్నదో ఆడు జూసుకోడా?"
చెయ్యి ఆగింది. నేను రాసిన దారి చూశాను. జావా ఫోల్డర్ దాకా చెబితే చాలు. నేను దాని లోపలి బిన్ ఫోల్డర్ దాకా రాశాను. ఆ చివరి ముక్క చెరిపాను.
విండో నిలబడింది. బిలబిలా అక్షరాలు. బ్రౌజర్ తెరిస్తే — సర్వర్ పేజీ!
"అచ్చిందా మేడమ్?"
"అచ్చింది యాదమ్మా."
గరిటెతోనే ఎగిరింది. నా చీర మీద పప్పు.

25, ఆది
కంపెనీ అతనే ఫోన్ చేశాడు. "ఏమైందండీ?"
"నడుస్తున్నది. ఇప్పటికి ఒక్క మిషన్ల."
"ఒక్కదాంట్లోనేనా!" నవ్వు. ఈసారి నాకూ వచ్చింది. మొన్న ఆ ఒక్కటీ నడవలేదు.
అయినా... పిల్లల మిషన్లలో తెరుచుకుంటుందా? చూడాలంటే ల్యాబ్ తాళం తీయాలి. తాళం తీయాలంటే సమ్మె ముగియాలి. సమ్మె ముగియాలంటే —