వరసలో ఐదో మనిషి

పటాన్‌చెరు,
17 ఆగస్టు 2025.

రవళికి,

సత్యశ్రీ నమస్కారాలు. క్షేమం అడగడానికి మొహం చెల్లడం లేదు, అయినా అడుగుతున్నాను. ఎలా ఉన్నావే? ఫోను చేస్తే కట్ చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. చిరునామా మీ అమ్మ ఇచ్చింది. చించేసేదానివైతే చదివాక చించు.

పాశమైలారంలో మన మందుల కంపెనీ అలాగే ఉంది. మనం సూట్లు వేసుకునే గదిలో ఆ నిలువుటద్దం కూడా అలాగే ఉందట, ఇంకా అక్కడే పనిచేస్తున్న యాదన్న చెప్పాడు. తెల్ల సూటు, టోపీ, మాస్కు తగిలించుకున్నాక అందరం ఒకటే అచ్చు. మాస్కు పెట్టుకునే ముందు నువ్వు ఆ అద్దం ముందు ఒక్క నిమిషం కళ్లు మూసుకునేదానివి. ఏ దేవుడికే ఆ మొక్కు అని ఏడిపిస్తే, లోపలికి పొయ్యేది ఎవరో జెర యాది పెట్టుకుంటున్న అన్నావు. ఆ నిమిషాన్నే నీకు తెలియకుండా ఫోనులో తీశాను. ఫోను తేకూడని చోట! ముచ్చటపడి ఇద్దరికి పంపితే కంపెనీ అంతా తిరిగింది. వీడియోలో ఉన్నది నువ్వు కాబట్టి నీ ఉద్యోగం పోయింది. తీసింది నేనని నోరు విప్పలేదు. పిరికిదాన్ని. నువ్వు గుజరాత్ వెళ్లి రెండేళ్లయింది.

తర్వాత నేనూ మానేశాను. ఇప్పుడు వీడియోలే తీస్తున్నాను, పెళ్లి వీడియోలు అనుకునేవు! పోయిన నెల రుద్రారంలో ఒక కాలేజీ హాల్లో వారం రోజులు నా వీడియో ఒకటి తెర మీద ఆడించారు. కథా లేదు, మాటా లేదు. తెల్ల సూట్లలో పన్నెండు మంది చీకట్లోంచి వెలుతురు వైపు నడుస్తారు. వెలుతురు దగ్గర ఒక్కొక్కరూ నీలాగే ఒక నిమిషం కళ్లు మూసుకుంటారు. మాస్కులు మాత్రం తీయరు. ఎవరెవరో తెలియకుండా ఇదేం గోలమ్మా అన్నాడొకాయన. ఆ గుడ్డ కింద ఎవరి వెతుకులాట వారిదని చెప్పాలనుకున్నాను. చెప్పగలిగానో లేదో.

మీ అమ్మనూ పిలిచాను. బక్కమ్మ పెద్దమ్మ ముందు వరసలో కూర్చుంది. ఐదో మనిషి రాగానే లేచి నిలబడి, గదో నా బిడ్డ, కాలు జెర ఈడుస్తది సూడుండ్రి అంది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డావే, ఆ కాలు. నువ్వేమో గుజరాత్‌లో ఉన్నావు. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ వారమంతా రోజూ బస్సెక్కి వచ్చింది. ఐదో మనిషి వెళ్లిపోగానే కొంగుతో కళ్లు తుడుచుకుని లేచిపోయేది.

ఆ ఫోను నాదని మొన్న కంపెనీలో రాసిచ్చాను. ఆలస్యమే, ఒప్పుకుంటాను. రావే రవళీ. మీ అమ్మ కోసం రా, నన్ను తిట్టడానికైనా రా. నీ తిట్లు లేక నా చెవులు చిన్నబోయాయి.

రెండేళ్లుగా నీ మాట కోసం కాచుకున్న
సత్యశ్రీ

తా.క. ఆ ఐదో మనిషిని నేనే. నువ్వు లేని ఆ వరస చూడలేక నీలా నడిచాను. ఆఖరి రోజు మీ అమ్మ చేతులు పట్టుకుని చెప్పేశాను. ఆమె నవ్వింది. మొదటి దినమే ఎరికైంది బిడ్డా, రవళి ఈడ్సేది ఎడమ కాలు, నువ్వు కుడిది ఈడ్సినవ్ అంది. నిజమే. నీ నడక నేను రోజూ ఆ అద్దంలోనే చూశాను, అందులో ఎడమ కుడి అవుతుందని తట్టనే లేదు. మరి రోజూ ఎందుకొచ్చావు పెద్దమ్మా అని అడిగాను. నేనే గాదు, నా బిడ్డను యాది జేస్కొని గిట్ల నడిసేటోళ్లు ఇంకొకలున్నరు గదా, సూడబుద్దైంది అంది.