ఎవరూ విప్పకూడని కుట్లు

చిట్టెలుకా,

ఈ కాగితం నీ కోసం కాదు. కానీ నిన్ను పిలవకుండా ఏ పనీ మొదలుపెట్టలేని అలవాటు నాది. పిలిచాను. పక్కన కూర్చో. వీళ్ళ సంగతి నేను చూస్తాను.

నేను, ఈ ఇంటి ఇల్లాలిని, బుద్ధి నిలకడగా ఉండగా, మందుల మత్తులో కాకుండా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, నా చేత్తో నేనే రాస్తున్న వీలునామా ఇది. వచ్చే వారం నా గుండెకు ఆపరేషన్. డాక్టరు భయం లేదన్నాడు. నా భయం ఆపరేషన్ గురించి కాదు. నేనక్కడ బల్ల మీద పడి ఉండగా ఇక్కడ నా బీరువా ఎవరు తెరుస్తారోనని.

దస్తావేజుల రైటరు దగ్గరికి వెళ్ళాను. నేను చెప్పింది సగం విని కలం మూసేశాడు. "అమ్మా, వీలునామాలో ఆస్తులు రాస్తారు, తిట్లు రాయరు" అన్నాడు. మరి తిట్లెక్కడ రాస్తారయ్యా అంటే నవ్వాడు. నా తదనంతరం, సర్వహక్కులతో, అనే మాటలు మాత్రం ఆయన దగ్గర నేర్చుకుని వచ్చేశాను. నాది ఐదో తరగతి చదువు. తప్పులుంటే ఉండనివ్వండి, ఎవరూ దిద్దొద్దు. ఈ ఇంట్లో దిద్దడం ఇప్పటికే ఎక్కువైంది.

1. ముందుగా అందరికీ తెలియాల్సిన సంగతి. నా ఒక్కగానొక్క కూతురు, నేను చిట్టెలుకా అని పిలుచుకునే పిల్ల, నిరుటి వానల్లో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఇరవై నాలుగేళ్ళు. జబ్బు పడకముందు మా వదిన, అంటే మా ఆయన అక్క, నడిపే కుట్టు దుకాణంలో కాజాలు తీసేది, హుక్కులు కుట్టేది. మేనత్తే కదా, కడుపులో పెట్టుకుని చూస్తుందని పంపాను. రోజూ ఒకటే మాట. "వంకర పోయింది, విప్పు. మళ్ళీ కుట్టు." అందరి ముందూ. పిల్ల విప్పేది, మళ్ళీ కుట్టేది.

సాయంత్రం దుకాణంలో కింద పడ్డ పీలికలన్నీ సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేది. ముందు గదిలో నేల మీద పరిచి, ముక్కకు ముక్క కలిపి బొంతకు గడులు కుట్టేది. ఏ రంగు పక్కన ఏ రంగు రావాలో తేల్చేది పిల్లి. ఆ పిల్లికి గుమస్తా అని పేరు పెట్టింది, ఏ కాగితం, ఏ గుడ్డ కనిపించినా దాని మీద ఎక్కి కూర్చుంటాడని. గుమస్తా ఏ పీలిక మీద కూర్చుంటే, "అయ్యగారు సంతకం పెట్టారమ్మా" అని అదే తీసి కుట్టేది. రెండో పిల్లి బొత్తాం. అది కుదురుగా కూర్చునే రకం కాదు. దారం కొస పట్టుకుని గది చుట్టూ పరుగు. ఒక గడిని పంటితో చించితే, చిల్లు మూయకుండా దాని చుట్టూ ఎర్రదారంతో గుండ్రంగా కుట్టి, "ఇది బొత్తాం వేసిన కాజా" అంది. ఎలుక పిల్లుల్ని పెంచుతోందని వీధంతా నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. "ఇక్కడ విప్పమనేవాళ్ళు లేరు కదమ్మా" అనేది.

2. మంచాన పడ్డాక కూడా కుట్టింది. కుట్టిన కొద్దీ కుట్లు పెద్దవయ్యాయి. మొదట్లో మెంతిగింజంత ఉండేవి, పోనుపోను గోరంత, ఆఖరికి బొటనవేలంత. ఏ గడి ఏ నెలదో కుట్టు చూసి చెప్పగలిగేదాన్ని. చీకట్లో వేలితో తడిమి చెప్పగలిగేదాన్ని. ఇంట్లో దాని ఫొటో పెద్దది చేయించి పెట్టారు. నేను ఆ ఫొటో వంక చూడను. నాకు నా పిల్ల ఆ కుట్లలో ఉంది.

అది పోయాక నేను కొన్నాళ్ళు మా తమ్ముడి ఇంటికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి మా వదిన బొంత తెచ్చి మంచం మీద పరిచింది. మా ఆయన బీరువా తీసి గడుల మూట ఆవిడకు ఇచ్చారట. ఆవిడ పిల్ల కుట్లన్నీ విప్పేసింది. ప్రతి ఒక్కటీ. మిషను మీద గీత గీసినట్టు కుట్టి, బొత్తాం చిల్లుకు మాసిక వేసి, ఉతికి, ఇస్త్రీ చేసి, చుట్టూ అంచు కూడా వేసింది. "పిల్ల పని కదా, నలుగురూ చూస్తే నవ్వకూడదని సరిచేశాను" అని, మెచ్చుకుంటానేమోనని నా మొహం చూస్తూ నిలబడింది. ఏడ్చాను. "సంతోషం పట్టలేకపోతోంది" అన్నారు మా ఆయన. పక్కింటివాళ్ళంతా వచ్చి, ఏం పనితనం, ఎంత మంచి మనసు, అని ఆవిణ్ణి పొగిడి వెళ్ళారు. తిట్టి చెడగొడితే తిరిగి తిట్టొచ్చు. ఇలా ప్రేమగా చెడగొట్టినవాళ్ళను ఏం చేయాలో చెప్పండి.

3. ఆ బొంత నా తదనంతరం సర్వహక్కులతో నా భర్తకు చెందవలెను. ఏమండీ, "మంచికే కదా ఇచ్చాను" అన్నారు. ఆ మంచిని మీరే కప్పుకోండి. పెట్టెలో దాచడానికి వీల్లేదు, ఎవరికీ దానం చేయడానికి వీల్లేదు. మీ అక్క మాటకు అడ్డు చెప్పడం చిన్నప్పటి నుంచీ మీకు చేతకాదు. నాకు తెలుసు. తెలిసీ నా బీరువా తాళం మీ చేతిలో పెట్టి వెళ్ళాను. తాళాలు ఇక మీ దగ్గర ఉండవు.

ఇంకొకటి. మీ కళ్ళద్దాల పెట్టెలో చిన్న తుడుపు గుడ్డ ఉంది. దాని అంచు చిట్టెలుక కుట్టింది. అది మీ అక్క కంటపడలేదు. పడనివ్వకండి.

4. వదినకు ఒక రేకు డబ్బా. బీరువా కింది అరలో ఉంది. వదినా, బొంత తెచ్చిన మర్నాడు మీ దుకాణానికి వచ్చి చెత్త సంచి అడిగాను, గుర్తుందా. "పీలికలు నీకెందుకు, నువ్వూ మొదలుపెట్టావా" అని నవ్వారు. పీలికల కోసం కాదు వచ్చింది. మీరు విప్పి పారేసిన దారాల కోసం. కూర్చుని ఏరుకున్నాను. తెల్లవి, నీలివి, ఎర్రవి, పిల్ల చేతికి ఏది దొరికితే అది. అన్నీ ఈ డబ్బాలో ఉన్నాయి. మూత తీసి చూడండి. ఒక్క దారం కూడా తిన్నగా లేదు. అది కుట్టిన వంపులు ఇంకా అలాగే ఉన్నాయి. మీ మిషనూ మీ ఇస్త్రీపెట్టే వాటి జోలికి రాలేదు కాబట్టి.

మీది చెడ్డ మనసు అని నేను రాయడం లేదు. రాస్తే సుఖంగా ఉండేది. బతికున్నన్నాళ్ళూ దాని పని మీ కంటికి ఆనలేదు. పోయాకైనా దాన్ని వదిలేస్తారనుకున్నాను. ఈ డబ్బా దుకాణంలో మీ మిషను పక్కనే ఉంచవలెను. ఇంకెవరి పిల్లనైనా "విప్పు" అనబోయే ముందు ఒకసారి మూత తీయవలెను. ఇది షరతు.

5. ఇప్పుడు అసలు ఆస్తి. మొన్న ఇల్లు దులుపుతుంటే ఇనప్పెట్టె వెనక కొన్ని గడులు దొరికాయి. బొత్తాం ఒక్కొక్కటే లాక్కెళ్ళి అక్కడ పక్క వేసుకుంది. దుమ్ము, వెంట్రుకలు. కానీ కుట్లన్నీ చిట్టెలుకవే. మనుషుల నుంచి కాపాడలేకపోయాను, ఆ దొంగ పిల్లి కాపాడింది. ఆ సంగతి మా ఆయన వెళ్ళి వాళ్ళక్క చెవిన వేశారు. వెంటనే కబురు. "మిగిలినవి కూడా పంపు, సరిచేసి దిండు గలీబులు కుడతాను, బొంతకు జత కుదురుతుంది." ఇది విన్నాకే నేను వీలునామాకు కూర్చున్నాను.

ఆ గడులన్నీ పై వాటాలో ఉండే నర్సమ్మాయికి చెందవలెను. ఆ అమ్మాయి రోజూ వచ్చి చిట్టెలుకకు ఇంజెక్షన్ చేసేది. నొప్పి పుట్టినా ఇద్దరూ ఏదో ఒకటి అనుకుని నవ్వేవాళ్ళు. అమ్మాయ్, నీకు ఇంజెక్షన్ సూది తప్ప ఇంకో సూది పట్టడం రాదు. ఊడిన గుండీ కుట్టించుకోవడానికి కూడా కిందికి వచ్చేదానివి. అందుకే నీకు. వాటిని కలిపి కుట్టొద్దు, కుట్టించొద్దు. ఉతకొద్దు. అద్దం వేయించి గోడకు తగిలించొద్దు. ఎలా ఉన్నాయో అలాగే ఉంచు. ఎవరైనా వచ్చి బాగుచేసి ఇస్తానంటే, ఎంత పెద్ద మనిషైనా సరే, తలుపు వేసెయ్యి.

అందులో ఒకటి సగంలో ఉంది, సూది దానికే గుచ్చి ఉంది. తీయకు. తుప్పు పడితే పట్టనీ. పిల్లులకు గుచ్చుకోకుండా దాన్ని మటుకు బిస్కెట్ల డబ్బాలో పెట్టాను. చేసే పని సగంలో వదలకూడదని చెప్పి పెంచాను నా పిల్లను. వదిలేసి వెళ్ళింది. దాని మీద కూడా కోపంగానే ఉంది నాకు.

6. గుమస్తా, బొత్తాం కూడా నర్సమ్మాయికే. గుమస్తా ముసలివాడయ్యాడు, గడుల మీద ఎక్కి కూర్చుంటాడు. దింపొద్దు. బొత్తాం కొరికితే కొరకనీ. దానికా హక్కు ఉంది. మీలో ఎవరికీ లేదు.

7. ఈ వీలునామా అమలు చేయవలసినది నా తమ్ముడు. ఒరేయ్ తమ్ముడూ, బస్సులో టికెట్లు అడిగే గొంతుతో చదువు. వదిన ఎదురుగా కూర్చోవాలి. నాలుగో అంశం దగ్గర గొంతు తగ్గించి దాటేద్దామని చూస్తావు, నీ సంగతి నాకు తెలుసు. దాటేశావో, మళ్ళీ మొదటి నుంచీ చదవాలి. బీరువా తాళం నీ దగ్గర ఉంటుంది. నా రేడియో నువ్వు తీసుకో, చిన్నప్పుడు దాని కోసం నా జుట్టు పీకావు.

8. నేను బతికి తిరిగి వస్తే ఈ కాగితం చెల్లదు. అప్పుడు ఇదంతా నోటితోనే చెబుతాను. అది ఇంతకన్నా ఘాటుగా ఉంటుంది. కాబట్టి నేను తిరిగి రావాలనే కోరుకుంటారో, వద్దనే కోరుకుంటారో, ఎవరికి వారు చూసుకోండి.

పైన రాసినదంతా నేను రెండుసార్లు చదువుకుని, ఒక్క మాట కూడా కొట్టేయకుండా, ఇష్టపడి పెట్టిన సంతకం.

ఆగస్టు నెల, పద్దెనిమిదో తారీఖు, మంగళవారం.

(సంతకం) చిట్టెలుక వాళ్ళమ్మ

సాక్షులు:
దస్తావేజుల రైటరు (తిట్లు ఉన్నాయని తెలిసే సంతకం పెట్టారు)
పక్కింటి లెక్కల మాస్టారు

చదవడం అయ్యాక ఎవరూ అలిగి ఖాళీ కడుపుతో వెళ్ళిపోవద్దు. వదినా, మీరు కూడా. అందరూ కూర్చుని కడుపునిండా తినండి.