పేజీకో జీడిపప్పు

మంగళవారం రాత్రి

రాయకుండా పడుకుందామనుకున్నాను. భయం పడుకోనివ్వలేదు.

ఇంటర్ పాసైన మనవరాలు గౌరి వచ్చేవారం విశాఖలో డిగ్రీలో చేరుతుంది. సాయంత్రం ఇంటర్ పాఠం ఒకటి అప్పజెప్పమంటే గడగడా మొదలెట్టింది. మధ్యలో ఆపి, "అదేటో నీ మాటల్లో సెప్పు గుంటా" అన్నాను.

"ఆపేసినావేటి తాతా! మల్లీ మొదట్నుంచి సెప్పాల."

తప్పు నాదే. నేనైతే పప్పు పొట్లాల కాగితాలు చదివి, కనబడ్డవాణ్ణల్లా అర్థాలడిగి విసిగించి నేర్చుకున్నాను. ఒకసారి కంచిలి బస్సులో కండక్టర్ నన్ను దింపేశాడు కూడా. అది వేరే కథ. గౌరికి మాత్రం చిన్నప్పట్నుంచీ, తప్పులేకుండా అప్పజెప్పిన పేజీకో జీడిపప్పు పెట్టాను. ప్రశ్న అడిగినందుకు ఒక్కటీ పెట్టలేదు. విశాఖలో మాస్టారు మధ్యలో ఆపితే పిల్ల ఏమైపోతుందో...

ఇందాక వచ్చి పేజీ మొత్తం మళ్లీ అప్పజెప్పి చెయ్యి చాపింది. పప్పు పెట్టాను.